ముప్పై రోజుల గడువు, మూడు శతాబ్దాల కాగితం



సమాచార హక్కు చట్టం మన దేశంలో 2005 అక్టోబరు 12 నుంచి అమల్లో ఉంది. దరఖాస్తు అందిన 30 రోజుల్లో జవాబు ఇవ్వాలన్నది ఆ చట్టంలో చదువురానివాళ్లకు కూడా తెలిసిన సంగతి. తహశీల్దారు కార్యాలయానికైనా, మునిసిపాలిటీకైనా, విశ్వవిద్యాలయానికైనా అదే గడువు. పాత ప్రభుత్వ కాగితాలు దాచే ఆర్కైవ్స్‌కు కూడా అదే గడువు. చట్టం ఆర్కైవ్స్‌కు ఒక్కరోజు కూడా ఎక్కువ ఇవ్వలేదు. మామూలు కార్యాలయంలో నిరుడు నడిచిన ఫైలు వెతకాలి. ఆర్కైవ్స్‌లో తాతల నాటి ఫైలు, ఒక్కోసారి ఆ తాతకు తాత కాలం నాటి ఫైలు వెతకాలి. అక్కడ సమాచార హక్కు దరఖాస్తులు ఎందుకు ఆలస్యమవుతాయి, ఆలస్యమైనప్పుడు అధికారి ఏం చేయాలి, అడిగినవారు ఏం చేయాలి అన్నది ఈనాటి ప్రసంగం.

ముందు ఆ భాండాగారాల పరిమాణం ఒకసారి చూద్దాం. హైదరాబాదు తార్నాకలో ఉన్న రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబుల కాలం నాటి మొగలాయి పత్రాలే లక్షకు పైగా ఉన్నాయి. వాటి తరువాత ఆసఫ్ జాహీ ప్రభుత్వపు దస్త్రాలు. అవి మొదట పారశీకంలో, పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఉర్దూలో నడిచాయి. కోస్తా, రాయలసీమ జిల్లాలు 1953 దాకా మద్రాసు పాలనలో ఉన్నాయి కనుక వాటి పాత చరిత్రలో పెద్ద భాగం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంది. 1909లో మద్రాసు రికార్డు ఆఫీసుగా ఏర్పడింది అదే. కేంద్ర ప్రభుత్వ కాగితాలు ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఆ సంస్థ 1891 మార్చి 11న కలకత్తాలో ఇంపీరియల్ రికార్డ్ డిపార్ట్‌మెంట్ పేరుతో పుట్టింది. అంటే ఒక తెలుగు కుటుంబం తన ముత్తాత గురించి ఒక కాగితం కావాలనుకుంటే, ఆ ముత్తాత ఏ జిల్లావాడు, కాగితం ఏ ప్రభుత్వానిది అన్నదాన్ని బట్టి మూడు నగరాల్లో ఏదో ఒక చోటికి దరఖాస్తు వెళ్లాలి.

ఎవరు అడుగుతారు ఈ కాగితాలు? పరిశోధకులు అడుగుతారు, అది అందరూ ఊహించేదే. కానీ వాళ్లకంటే తొందర ఎక్కువున్నవాళ్లు మరో ఇద్దరున్నారు. మొదటివారు స్వాతంత్ర్య సమరయోధుల కుటుంబాలు. కేంద్ర ప్రభుత్వం 1972లో సమరయోధుల పింఛను పథకం పెట్టింది. 1980లో దానికి స్వతంత్రతా సైనిక్ సమ్మాన్ అని పేరు మారింది. నిజాం రాజ్యంలో పోరాడి, సరిహద్దు శిబిరాల్లో ఉన్నవాళ్లకు కూడా అందులో చోటుంది. జైలుకు వెళ్లినవారైతే జైలు రికార్డు చూపాలి. అజ్ఞాతంలో ఉన్నవారైతే వారంటు, ప్రకటన లాంటి ప్రభుత్వ పత్రం చూపాలి. అవి లేకపోతే, రికార్డు అందుబాటులో లేదని ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం చూపాలి. ఆ ధ్రువపత్రం చేతిలో ఉంటే, తోటి సమరయోధుడు ఇచ్చే సాక్ష్యాన్ని పరిశీలనకు తీసుకునే వీలుంటుంది.

ఇక్కడొక్క క్షణం ఆగాలి. ఈ కుటుంబానికి "రికార్డు ఉంది" అన్న జవాబు పనికొస్తుంది. "రికార్డు లేదు" అన్న జవాబు కూడా పనికొస్తుంది, సంతకం, ముద్ర, తేదీ ఉంటే చాలు. ఏ పనికీ రానిది ఒక్కటే. ఏ జవాబూ రాకపోవడం. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఆర్కైవ్స్‌లో ఆలస్యం కొన్నిసార్లు తప్పదు. మౌనం మాత్రం ఎప్పుడూ తప్పే.

రెండోవారు భూమి తగాదాల్లో ఉన్నవాళ్లు. కోస్తా జిల్లాల్లో ఇనాం భూమి ఉన్న కుటుంబం, లేదా గుడి మాన్యం కోసం పోరాడే గ్రామస్థులు ఐఎఫ్‌ఆర్ నకలు అడుగుతారు. ఐఎఫ్‌ఆర్ అంటే ఇనాం ఫెయిర్ రిజిస్టరు, పందొమ్మిదో శతాబ్దంలో ఇనాం కమిషన్ తయారుచేసినది. తెలంగాణలోనైతే ముంతఖబ్, అంటే నిజాం ప్రభుత్వం ఇచ్చిన ఇనాం హక్కు పత్రం నకలు, జాగీరు ఫైలు అడుగుతారు. జాగీర్ల రద్దు 1949లో జరిగినా, ఆ జాగీర్ల మీద వ్యాజ్యాలు ఇంకా కోర్టుల్లో నడుస్తూనే ఉన్నాయి. కోర్టు వాయిదా లోపల కాగితం రాకపోతే, ఆ తరువాత ఎంత చక్కటి నకలు వచ్చినా చాలాసార్లు దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

మరి ఆలస్యం ఎక్కడ పుడుతుంది? బయట నుంచి చూస్తే ఉద్యోగుల బద్ధకం అనిపిస్తుంది. బద్ధకం లేదని నేను అనను. కానీ లోపలికి వెళ్లి చూస్తే కారణాలు ఇంకా ఉన్నాయి.

మొదటిది జాబితా. ఒక శాఖ తన పాత ఫైళ్లను ఆర్కైవ్స్‌కు పంపేటప్పుడు వరుస నంబరు, విషయం, సంవత్సరం రాసిన జాబితా జతచేసి పంపాలి. అలా కాకుండా కట్టలు కట్టి, లారీలో వేసి, "ఫలానా శాఖ, ఇన్ని కట్టలు" అని ఒక్క కాగితంతో పంపితే, ఆ కట్టల్లో ఏముందో విప్పితే తప్ప తెలియదు. ఎప్పుడో ఒకనాడు ఒక పౌరుడు అందులో ఒక ఫైలు అడుగుతాడు. అప్పుడు వెతుకులాట మొదలవుతుంది. శాఖ ఆనాడు చేయని పనిని ఈనాడు ఆర్కైవ్స్ ఉద్యోగి 30 రోజుల్లో చేయాలి.

రెండోది సంవత్సరం. దరఖాస్తుదారు 1948 అని రాస్తాడు. రిజిస్టరులో 1358 ఫసలీ అని ఉంటుంది. ఫసలీ అంటే పంటల లెక్కన నడిచే రెవెన్యూ సంవత్సరం, దానికి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం సుమారుగా వస్తుంది. సుమారుగా అని ఎందుకంటున్నానంటే, ఫసలీ సంవత్సరం జనవరిలో మొదలు కాదు. అందువల్ల ఒక ఇంగ్లీషు సంవత్సరానికి రెండు ఫసలీలు వెతకాలి. ఇంకా పాత మొగలాయి పత్రాలకైతే హిజ్రీ తేదీ, పాదుషా పట్టాభిషేకం నుంచి లెక్కించిన సంవత్సరం ఉంటాయి.

మూడోది భాష, లిపి. పారశీకంలో శికస్తా అనే గొలుసుకట్టు రాత ఉంది. పారశీకం చదువుకున్నవాళ్లు కూడా దాన్ని అలవాటు లేకుండా చదవలేరు. మరాఠీ మోడీ లిపి సంగతీ అంతే. చదవగలిగినవాళ్లు ఒక్కొక్కరే పదవీ విరమణ చేస్తున్నారు. ఖాళీ అయిన కుర్చీలో కూర్చోవడానికి ఆ చదువు ఉన్న కుర్రవాళ్లు సులువుగా దొరకరు.

నాలుగోది కాగితం ఆరోగ్యం. సిరాలోని ఆమ్లం తిని, పురుగు తిని, తేమ తిని, ముట్టుకుంటే పొడి అయిపోయే కాగితాన్ని జిరాక్సు యంత్రం మీద బోర్లించడం కుదరదు. ముందు మరమ్మతు చేయాలి. పల్చటి టిష్యూ కాగితం అతికించి, ఆరబెట్టి, ఆ తరువాతే ఫొటో తీయాలి.

అయిదోది, అన్నిటికంటే చికాకు పెట్టేది, రెండు కార్యాలయాల మధ్య తిప్పడం. "మేము ఫైలు ఆర్కైవ్స్‌కు పంపేశాం" అని శాఖ అంటుంది. "మాకు అందలేదు" అని ఆర్కైవ్స్ అంటుంది. అత్తాకోడళ్ల మధ్య నలిగే కొడుకులాగా దరఖాస్తుదారు నలిగిపోతాడు.

ఇక చట్టం సంగతి. ఈ ఆలస్యాలన్నిటినీ చట్టం ముందే ఊహించిందా అనిపించే సెక్షన్లు అందులో ఉన్నాయి. వాటిని వాడేవాళ్లు తక్కువ.

దరఖాస్తు వేరే కార్యాలయానికి చెందినదైతే 5 రోజుల్లోపు అక్కడికి బదిలీ చేసి, ఆ సంగతి దరఖాస్తుదారుకు రాయాలని సెక్షన్ 6(3) చెబుతుంది. 29వ రోజున "ఇది మాది కాదు" అని రాయడం చట్టాన్ని పాటించడం కాదు. పీఐఓ, అంటే పౌర సమాచార అధికారి, తన కార్యాలయంలో ఏ ఉద్యోగి సాయాన్నైనా కోరవచ్చు. అలా కోరినప్పుడు సాయం చేయాల్సిన ఆ ఉద్యోగి కూడా పీఐఓతో సమానంగా బాధ్యుడవుతాడు. ఇది సెక్షన్ 5లో ఉంది. అందువల్ల స్టాక్ రూములో ఉన్న ఉద్యోగిని మొదటివారంలోనే రాతపూర్వకంగా అడిగిన పీఐఓ తనను తాను కాపాడుకుంటాడు, పనీ జరుగుతుంది. నోటిమాటగా అడిగితే ఆ తరువాత ఎవరికీ గుర్తుండదు.

నకళ్లకు రుసుము కట్టమని రాసిన రోజు నుంచి, ఆ రుసుము చెల్లించిన రోజు దాకా ఉన్న కాలాన్ని 30 రోజుల లెక్కలోంచి తీసేయాలి. ఉదాహరణకు దరఖాస్తు అందిన 12వ రోజున రుసుము ఉత్తరం బయలుదేరింది, దరఖాస్తుదారు మూడు వారాల తరువాత డబ్బు కట్టాడనుకోండి. ఆ మూడు వారాలూ లెక్కలోకి రావు. పీఐఓకు ఇంకా 18 రోజులు మిగిలి ఉంటాయి. రుసుము ఉత్తరం తొందరగా పంపడం అధికారికే లాభమన్నమాట. చాలా కార్యాలయాల్లో ఆ ఉత్తరాన్ని గడువు చివరి రోజుల్లో రాస్తారు. అప్పుడు మిగిలే రెండు మూడు రోజుల్లో ఏ పనీ పూర్తికాదు. గడువు దాటిపోతే ఆ సమాచారాన్ని ఉచితంగా ఇవ్వాలని సెక్షన్ 7(6) చెబుతుంది.

శిథిలమైన కాగితాల విషయంలో సెక్షన్ 7(9) ఆర్కైవ్స్‌కోసమే రాసినట్లు ఉంటుంది. అడిగిన రూపంలోనే సమాచారం ఇవ్వాలి. అయితే అలా ఇస్తే కార్యాలయం వనరులు అతిగా ఖర్చయ్యేటట్లున్నా, రికార్డు భద్రతకు హాని కలిగేటట్లున్నా వేరే రూపంలో ఇవ్వవచ్చు. గమనించండి, రూపం మార్చవచ్చు, తిరస్కరించకూడదు. జిరాక్సు కుదరకపోతే ఫొటో ఇవ్వవచ్చు. ఫొటో కూడా కుదరకపోతే కార్యాలయంలో కూర్చోబెట్టి చూపించవచ్చు, నోట్సు రాసుకోనివ్వవచ్చు. "కాగితం పాడైపోయింది, ఇవ్వలేం" అన్న ఒక్క వాక్యంతో దరఖాస్తును మూసేసే అధికారం ఆ సెక్షన్ ఇవ్వలేదు.

పాత కాగితాలకు సంబంధించి చట్టంలో మరో గొప్ప నిబంధన ఉంది. సెక్షన్ 8(3). దరఖాస్తు చేసిన తేదీకి 20 ఏళ్ల ముందు జరిగిన సంఘటనల గురించిన సమాచారం అడిగితే, మామూలు మినహాయింపుల్లో మూడు తప్ప మిగిలినవి వర్తించవు. ఆ మూడూ ఏమిటంటే, దేశ సార్వభౌమత్వానికీ భద్రతకూ విదేశీ సంబంధాలకూ చెందినవి, చట్టసభల హక్కులకు భంగం కలిగించేవి, మంత్రివర్గ పత్రాలు. ఆర్కైవ్స్‌లో ఉన్నవాటిలో అత్యధిక భాగం 20 ఏళ్లు దాటినవే కదా. అందుకని అక్కడి పీఐఓ తిరస్కరణ ఉత్తరం రాసే ముందు ఈ సెక్షన్ చదవాలి. ఆ ఉత్తరం అందుకున్నవారు కూడా చదవాలి.

ఇప్పుడు ఆర్కైవ్స్ జవాబుల్లో తరచుగా కనిపించే మాట దగ్గరికి వద్దాం. "ఎంత వెతికినా ఫైలు దొరకలేదు." చట్టంలో మినహాయింపుల జాబితా ఉంది. ఆ జాబితాలో "దొరకలేదు" అన్నది లేదు. ఢిల్లీ హైకోర్టు 2013 సెప్టెంబరులో విశ్వాస్ భాంబుర్కర్ కేసులో ఈ విషయం తేల్చింది. ప్రభుత్వం దగ్గర ఒకప్పుడు ఉన్న సమాచారాన్ని, ఇప్పుడు కనబడటం లేదన్న కారణంతో మామూలుగా తిరస్కరించడం కుదరదనీ, గట్టిగా వెతకాలనీ, అయినా దొరకకపోతే ఎవరి వల్ల పోయిందో విచారించి బాధ్యత నిర్ణయించాలనీ ఆ తీర్పు సారాంశం.

కాబట్టి "దొరకలేదు" అని రాయవలసి వచ్చినప్పుడు ఆ ఉత్తరంలో ఏముండాలి? ఏ శాఖ కట్టలు వెతికారు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా వెతికారు, ఏ రిజిస్టరులో ఆ ఫైలు నంబరు చివరిసారి కనబడింది, పాత శాఖను అడిగారా, వాళ్లేమన్నారు. ఇవన్నీ ఉంటే దరఖాస్తుదారు తరువాతి అడుగు ఎక్కడ వేయాలో తెలుసుకుంటాడు. కోర్టులో కూడా ఆ ఉత్తరానికి విలువ ఉంటుంది. ఇవేవీ లేని ఒక్క వాక్యపు జవాబును మొదటి అప్పీలులోనే కొట్టేయవచ్చు.

"ధ్వంసం చేశాం" అన్న జవాబుకు కూడా ఇదే కొలత. రెవెన్యూ కార్యాలయాల్లో ఫైలు మూసేటప్పుడు దానిమీద ఆర్‌.డిస్, డి.డిస్, ఎల్‌.డిస్ అని వేస్తారు. ఆర్‌.డిస్ అయితే శాశ్వతంగా ఉంచాలి. డి.డిస్‌కు పదేళ్లు, ఎల్‌.డిస్‌కు ఏడాది ఆయుష్షు. ఫైలును ధ్వంసం చేశామంటే దాని తరగతి ఏమిటి, ఎవరి ఉత్తర్వు మీద, ఏ తేదీన చేశారన్నది రాతలో ఉండాలి. కేంద్ర ప్రభుత్వ రికార్డులకైతే 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. చట్ట విరుద్ధంగా రికార్డులు ధ్వంసం చేసినవారికి అయిదేళ్ల దాకా జైలు శిక్ష వేయవచ్చని అందులో ఉంది. 1892కు ముందు నాటి కాగితాలను, ఆర్కైవ్స్‌లో ఎందుకూ పనికిరానంత పాడైపోతే తప్ప, ధ్వంసం చేయకూడదని కూడా అందులో ఉంది.

అధికారుల సంగతి ఇంతవరకు చెప్పాను. ఇప్పుడు అడిగేవారి సంగతి.

దరఖాస్తు పెట్టేముందు ఒక చిన్న పని చేయండి. మీకు కావలసిన కాగితం అసలు సమాచార హక్కు ద్వారానే అడగాలా అని ఆలోచించండి. ఆర్కైవ్స్‌లో పరిశోధకుల గది ఉంటుంది. గుర్తింపు కార్డు చూపించి, దరఖాస్తు నింపి, కావలసిన ఫైలుకు స్లిప్పు రాసిస్తే, అందరికీ తెరిచి ఉంచిన రికార్డులు అక్కడే కూర్చుని చూడవచ్చు. జాతీయ ఆర్కైవ్స్ వారి అభిలేఖ్ పటల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే జాబితాలు వెతకవచ్చు, డిజిటల్ చేసిన పత్రాలను చూడవచ్చు. మూడు నెలల ఉత్తర ప్రత్యుత్తరాలు చేసే పనిని ఒక్కోసారి ఆ పరిశోధకుల గదిలో గడిపిన ఒక్క పూట చేస్తుంది.

దరఖాస్తే పెట్టాలనుకుంటే, "మా ఊరి భూములకు సంబంధించిన రికార్డులన్నీ ఇవ్వండి" అని రాయకండి. అది అధికారికి తప్పించుకునే దారి చూపించడమే. ఊరు, పాత తాలూకా, పాత జిల్లా, సర్వే నంబరు, ఇనాందారు పేరు, తెలిస్తే ఫసలీ, పాత ఉత్తర్వు నంబరు ఇవ్వండి. పాత తాలూకా పేరు తప్పకుండా రాయండి. మండలాలు 1980లలో వచ్చాయి. తెలంగాణ జిల్లాలు 2016లో, ఆంధ్రప్రదేశ్ జిల్లాలు 2022లో విడిపోయాయి. ఆర్కైవ్స్ కట్టల మీద ఈ కొత్త పేర్లేవీ ఉండవు.

దరఖాస్తులోనే తనిఖీ కూడా అడగండి. రికార్డును స్వయంగా చూసే హక్కు, నోట్సు రాసుకునే హక్కు, ధ్రువీకరించిన నకలు తీసుకునే హక్కు, మూడూ చట్టంలో ఉన్నాయి. ఏ ఫైలు కావాలో మీకే ఖాయంగా తెలియనప్పుడు, ఫైళ్ల జాబితానూ రిజిస్టరునూ ముందు చూపించమని అడగడం తెలివైన పని. కారణం చెప్పాల్సిన అవసరం చట్టప్రకారం లేదు. కానీ కోర్టు వాయిదా ఉందనో, పింఛను దరఖాస్తుకు గడువు ఉందనో ఒక వాక్యం రాస్తే మానవత్వం ఉన్న అధికారికి తొందర తెలుస్తుంది. ఒక్క మాట కూడా గుర్తుంచుకోండి. ఉన్న కాగితం ఉన్నట్లుగా ఇవ్వడమే పీఐఓ విధి. పారశీకాన్ని తెలుగు చేసి ఇమ్మనీ, పది ఫైళ్లు చదివి సారాంశం రాసి ఇమ్మనీ అడగడానికి ఈ చట్టం వీలివ్వదు. లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర లేదని సుప్రీంకోర్టు 2011లోనే సీబీఎస్ఈ కేసులో చెప్పింది.

30 రోజులు దాటినా జవాబు రాలేదు. అప్పుడు? చట్టం దృష్టిలో అది తిరస్కరణతో సమానం. ఆ తరువాతి 30 రోజుల్లో అదే సంస్థలో పై అధికారికి మొదటి అప్పీలు పెట్టాలి. దానికి 30 రోజులు, కారణాలు రాసిపెడితే 45 రోజుల గడువు. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఈ తేదీలను క్యాలెండరు మీద రాసుకోండి. కోపంతో మొదటి అప్పీలు మానేసి నేరుగా కమిషన్‌కు ఫిర్యాదు పెట్టేవాళ్లున్నారు. ఫిర్యాదు మీద కమిషన్ అధికారికి జరిమానా వేయగలదు కానీ, సమాచారం ఇప్పించలేదని మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు 2011 డిసెంబరులో స్పష్టం చేసింది. మీకు కాగితం కావాలంటే అప్పీలు దారే దారి.

జరిమానా రోజుకు 250 రూపాయలు, మొత్తం 25,000 మించకుండా. అది కార్యాలయం ఖాతా నుంచి కాదు, అధికారి జేబు నుంచి పోతుంది. అందువల్ల పీఐఓలు దానికి భయపడతారు. కానీ ఆర్కైవ్స్ విషయంలో కమిషన్‌కు ఉన్న మరో అధికారం జరిమానా కంటే విలువైనదని నా అభిప్రాయం. రికార్డులను నిర్వహించే, ధ్వంసం చేసే పద్ధతుల్లో మార్పులు చేయమని సంస్థను ఆదేశించే అధికారం సెక్షన్ 19(8) కమిషన్‌కు ఇచ్చింది. ఒక ఉద్యోగికి పడే జరిమానా ఆ ఒక్క దరఖాస్తుతో సరిపోతుంది. ఒక శాఖ కట్టలన్నిటికీ ఫలానా తేదీలోపు జాబితా తయారు చేయాలన్న ఆదేశం వెయ్యి దరఖాస్తుల ఆలస్యాన్ని తప్పిస్తుంది. అప్పీలు రాసేటప్పుడు ఆ సెక్షన్ పేరు పెట్టి ఆ ఆదేశాన్ని కూడా అడగండి.

కమిషన్ల పరిస్థితి కూడా చెప్పకపోతే చిత్రం పూర్తికాదు. కమిషనర్ల ఖాళీలను సకాలంలో నింపాలని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరిలో అంజలీ భరద్వాజ్ కేసులో ఆదేశించింది. అయినా తెలంగాణ కమిషన్ 2023 ఫిబ్రవరి తరువాత రెండేళ్లకు పైగా ఒక్క కమిషనరు కూడా లేకుండా ఉండిపోయింది. పైన అడిగేవాడు లేనప్పుడు కింద గడువుకు విలువ ఉండదు.

ఇతర దేశాల్లో ఆర్కైవ్స్‌కు ఈ ఆలస్యం ఇబ్బంది లేదా అంటే, ఉంది. బ్రిటన్ తన జాతీయ ఆర్కైవ్స్‌కు, బదిలీ అయి ఇంకా తెరవని రికార్డుల విషయంలో, మామూలు 20 పనిదినాల బదులు 30 పనిదినాలు ఇచ్చింది. అమెరికాలో 1966లో వచ్చిన చట్టం ప్రకారం గడువు ఇప్పుడు 20 పనిదినాలు. అక్కడ సులువైన దరఖాస్తులకూ క్లిష్టమైనవాటికీ వేరువేరు వరుసలు పెట్టుకునే వీలుంది. ఒక్క పేజీ అడిగినవాడు, పది పెట్టెలు అడిగినవాడి వెనక నిలబడనక్కరలేదు. రెండో ఏర్పాటు ఇంకా బాగుంది. దరఖాస్తుదారుకూ కార్యాలయానికీ మధ్య రాజీ కుదిర్చే ఒక విభాగాన్ని వాళ్లు పెట్టుకున్నారు. అది 2009 నుంచి పనిచేస్తోంది, అదీ వాళ్ల జాతీయ ఆర్కైవ్స్‌లోనే. శిక్షించడం దాని పని కాదు. ఎక్కడ ఆగింది, ఎప్పటికి రావచ్చు, ఇంకా తగ్గించి అడగగలరా అని ఇరుపక్షాలతో మాట్లాడటమే పని. మన ఆర్కైవ్స్‌లో ఈ రెండూ చేసుకోవడానికి కొత్త చట్టం అక్కరలేదు. దరఖాస్తు అందిన వారంలో "మీ ఫైలు ఈ వరుసలో ఉంది, ఈ ఇబ్బంది ఉంది, వచ్చి చూసుకోగలరా" అని ఒక ఉత్తరం రాయడానికి ఏ చట్టమూ అడ్డుపడదు.

చివరికి మూలానికి వద్దాం. సెక్షన్ 4(1)(ఎ) ప్రతి ప్రభుత్వ సంస్థా తన రికార్డులన్నిటికీ జాబితా, సూచిక తయారు చేసి ఉంచాలని, వీలైనవాటిని కంప్యూటర్లోకి ఎక్కించాలని చెబుతుంది. చట్టంలో అది దరఖాస్తు సెక్షన్ కంటే ముందుంది. అది సబబే. జాబితా ఉన్న చోట 30 రోజులు ధారాళంగా సరిపోతాయి. జాబితా లేని చోట 300 రోజులిచ్చినా చాలవు. పీఐఓను ఎన్నిసార్లు మందలించినా, విప్పని కట్టలో ఫైలు దానంతట అది పైకి రాదు. కనుక ఆర్కైవ్స్ బడ్జెట్‌లో ముందుగా డబ్బు పెట్టవలసింది జాబితాలు రాసే మనుషుల మీద, పారశీకం, ఉర్దూ, మోడీ చదవగల యువకుల మీద. మెరిసే స్కానర్లు ఆ తరువాత. ఏ పేజీలో ఏముందో తెలియకుండా స్కాను చేసిన లక్ష బొమ్మలు మళ్లీ ఒక కొత్త కట్టే అవుతాయి.

శ్రోతలారా, పాత కాగితం అడగడానికి సంకోచించకండి. వివరంగా అడగండి, తేదీలు రాసుకోండి, గడువు దాటితే అప్పీలు పెట్టండి. ఆర్కైవ్స్‌లో పనిచేసే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. కాగితం దొరికినా, దొరకకపోయినా, ఇంకా వెతుకుతూ ఉన్నా, ఆ సంగతి 30 రోజుల్లోపు రాసి, సంతకం చేసి పంపండి.